పెంపుడు కుక్క, పట్టణ వీధి: వికారాబాద్, తాండూరులకు తగిన నియమం

పెంపుడు కుక్క ఇల్లు దాటి బహిరంగ ప్రదేశంలోకి వచ్చినప్పుడు దాని మెడకు పట్టా, ఆ పట్టాకు గొలుసు లేదా తాడు, ఆ తాడు కొస దానిని అదుపు చేయగల వయోజనుని చేతిలో ఉండాలన్నది నేడు ప్రపంచంలోని అనేక నగరాలు పాటిస్తున్న సాధారణ నియమం. వినడానికి ఇది చిన్న విషయంగా తోచినా, పసిపిల్లల ప్రాణరక్షణ, రేబిస్ నివారణ, మూగజీవి పట్ల దయ, ఇరుగుపొరుగుల మధ్య సామరస్యం అనే నాలుగు అంశాలు దీనితో ముడిపడి ఉన్నాయి. అయితే వికారాబాద్, తాండూరు వంటి పట్టణాలలో ఈ నియమం ఫలించాలంటే అంతకు ముందే తేలవలసిన ప్రశ్న ఒకటుంది: వీధిలో కనిపించే ఏ కుక్కకు ఎవరు జవాబుదారీ? ఈ ప్రశ్నకు సమాధానం దొరకనిదే గొలుసును ఎవరి చేతికి అందించాలో ఏ పురపాలక సంఘానికీ తెలియదు.

2016 అక్టోబర్ 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో ఈ రెండు పట్టణాలకూ వేర్వేరు స్వభావాలున్నాయి. వికారాబాద్ జిల్లా కేంద్రం, రైల్వే జంక్షన్. అనంతగిరి కొండలకు, మూసీ నది జన్మస్థానానికి వెళ్లే యాత్రికులు, సెలవు దినాలలో హైదరాబాద్ నుంచి వచ్చే విహారయాత్రికులు దిగే ఊరు. కర్ణాటక సరిహద్దుకు చేరువలో, సికింద్రాబాద్ నుంచి వాడికి పోయే రైలు మార్గం మీద ఉన్న తాండూరు, నాపరాయి గనులకు, ఆ రాతిని కోసి నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లకు, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన కందిపంటకు పేరుపడిన వ్యాపార కేంద్రం. ఈ తేడాలకు అనుగుణంగానే ఇక్కడి కుక్కలను కూడా ఒకే తరగతిగా కాక నాలుగు తరగతులుగా చూడవలసి ఉంటుంది.

మొదటి తరగతి ఇంటి కుక్కలది. వీటికి పేరుంటుంది, తిండి పెట్టే కుటుంబం ఉంటుంది, చాలావరకు టీకా కూడా ఉంటుంది. రెండవ తరగతి పని కుక్కలది. గొర్రెల మందల వెంట నడిచే కాపరి కుక్కలు ఈ కోవకు చెందుతాయి. మూడవ తరగతి పూర్తిగా వీధినే నమ్ముకొని బతికే కుక్కలది. ఈ మూడింటికి మధ్యలో, ఇంటికీ వీధికీ చెందీ చెందకుండా, నాల్గవ తరగతి ఒకటున్నది. పాలిషింగ్ యూనిట్ ఆవరణలో, రైస్ మిల్లు గేటు వద్ద, మాంసం దుకాణం ముందర, కొత్తగా కడుతున్న ఇంటి కాపలాదారు గుడిసె పక్కన పడివుండే ఈ కుక్కలకు రోజూ ఎవరో ఒకరు అన్నం పెడతారు, రాత్రి అవి మొరిగితే సంతోషిస్తారు, కాని అవి ఎవరినైనా కరిచిన మరుక్షణం వాటితో తమకు ఏ సంబంధమూ లేదంటారు. కాపలా లాభం కావలసినవారికి దాని బాధ్యత అక్కరలేకపోవడమే ఈ పట్టణాలలో సమస్యకు మూలం. నగరపు అపార్టుమెంట్ల కోసం రాసిన గొలుసు నియమాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ అమలుచేస్తే అది మొదటి తరగతికే పరిమితమై, ఈ నాల్గవ తరగతిని తాకకుండానే పక్కనుంచి వెళ్లిపోతుంది.

ఇప్పుడు అమలులో ఉన్న చట్టాలను పరిశీలిస్తే, ఈ లోటును పూడ్చగల సాధనాలు చాలావరకు అందుబాటులోనే ఉన్నాయని తెలుస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్, తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గాని, తీవ్రమైన గాయానికి గాని దారితీయగల అపాయాన్ని నివారించడానికి చాలినన్ని జాగ్రత్తలను తెలిసి గాని, నిర్లక్ష్యం వల్ల గాని తీసుకోని వ్యక్తికి ఆరు నెలల వరకు ఖైదు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చెబుతున్నది. అంతకు పూర్వం భారత శిక్షాస్మృతిలోని 289వ సెక్షన్ కింద ఇదే నేరానికి జరిమానా 1,000 రూపాయలకు మించేది కాదు. ఈ సెక్షన్‌లో గొలుసు ప్రస్తావన ఎక్కడా లేకపోయినా, జనం తిరిగే వీధిలో కుక్కను గొలుసుతో పట్టుకోవడం చాలినంత జాగ్రత్తలో మొదటిదని అర్థం చేసుకోవడానికి పెద్ద పాండిత్యం అవసరం లేదు. అంతకంటె ముఖ్యమైనది, ఈ సెక్షన్ జంతువు ఎవరి సొత్తు అని కాక ఎవరి స్వాధీనంలో ఉన్నదని అడుగుతుంది. కొన్న రసీదు లేకపోయినా, కాపలా కోసం కుక్కను తన ఆవరణలో ఉంచుకొని పోషిస్తున్న యూనిట్ యజమాని ఈ ప్రశ్నను సులువుగా తప్పించుకోలేడు.

గొలుసు నియమానికి రెండవ పార్శ్వం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో ఉన్నది. ఆ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, జంతువును మరీ పొట్టి గొలుసుతో గాని, మరీ బరువైన గొలుసుతో గాని అనుచితమైనంత కాలం కట్టివేయడం క్రూరత్వమే; ఎప్పుడూ కట్టివేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం చేయించకపోవడం కూడా క్రూరత్వమే; పెంచిన జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలివేయడమూ అంతే. మొదటి నేరానికి ఈ చట్టం నిర్ణయించిన జరిమానా 10 రూపాయలు మొదలుకొని 50 రూపాయల వరకు మాత్రమే కావడం దాని బలహీనత అయినప్పటికీ, అందులోని సూత్రం మాత్రం గట్టిది. పగలంతా గేటుకు కట్టివేసి, రాత్రి వీధిలోకి వదిలిపెట్టే అలవాటు ఇక్కడి ఇళ్లలో కొత్తది కాదు. అది ఈ రెండు చట్టాలకూ ఒకేసారి విరుద్ధం. ఇంటి లోపల కుక్కకు కదలడానికి చోటు, ఇంటి వెలుపల దాని మీద మనిషి అదుపు ఉండాలన్నది ఈ రెండింటినీ కలిపి చదివితే తేలే సారాంశం.

మూడవది, 2001 నాటి నియమాల స్థానంలో 2023 మార్చి 10న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జంతు జనన నియంత్రణ నియమావళి. సంక్షిప్తంగా ఏబీసీ నియమాలని పిలిచే ఈ నియమావళి ప్రకారం పెంపుడు జంతువుకు టీకా, నులిపురుగుల మందు, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించే బాధ్యత పెంచుకునేవారిది. వీధి కుక్కల విషయంలో ఆ బాధ్యత స్థానిక సంస్థది. శస్త్రచికిత్స జరిగిన కుక్క చెవి అంచున కోత గుర్తు పెట్టి, పట్టిన చోటనే తిరిగి వదలాలి. తిండి పెట్టదలచినవారి కోసం పిల్లలు ఆడుకునే చోటికి, మెట్లకు, ఇళ్ల రాకపోకల దారులకు దూరంగా ఒక స్థలం కేటాయించాలని కూడా ఈ నియమావళి నిర్దేశిస్తున్నది. కుక్కల మీద కోపంతో విషం పెట్టడం, కొట్టి చంపడం ఏ పరిస్థితిలోనూ పరిష్కారం కాదు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

2025లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంత తానుగా విచారణకు స్వీకరించి ఇచ్చిన ఆదేశాలు ఈ చిత్రాన్ని కొంత మార్చాయి. వీధి కుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించాలని ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాల విషయంలో ఆగస్టు 11న వెలువడిన ఉత్తర్వును, ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సవరించింది. శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను పట్టిన చోటనే వదలాలని, రేబిస్ సోకిన లేదా సోకిందని అనుమానమున్న కుక్కలను, దూకుడుగా ప్రవర్తించే కుక్కలను మాత్రం వదలరాదని, వీధులలో ఇష్టం వచ్చిన చోట తిండి పెట్టకుండా వార్డుకొక స్థలం ఏర్పాటు చేయాలని చెబుతూ, విచారణ పరిధిని దేశమంతటికీ విస్తరించింది. నవంబర్ 7న వెలువడిన మరొక ఉత్తర్వు ప్రకారం విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్‌స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలలోని కుక్కలను ఆశ్రయాలకు తరలించాలి, తిరిగి అక్కడే వదలరాదు. అంటే తాండూరు జిల్లా ఆసుపత్రి, వికారాబాద్ రైల్వే జంక్షన్, రెండు పట్టణాల ఆర్టీసీ బస్‌స్టాండ్లు, పాఠశాలలు కూడా ఈ ఆదేశం పరిధిలోకి వచ్చేవే. ఇటువంటి చోట్లకు పెంపుడు కుక్కను వదులుగా తీసుకురావడం ఇకమీదట ఎంతమాత్రం సమర్థనీయం కాదు.

ఇంత వివరమైన నియమాలు ఎందుకు అవసరమో తెలుసుకోవడానికి ఈ ప్రాంతపు ఇటీవలి చరిత్రే చాలు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధి కుక్కల గుంపు దాడిలో మరణించినప్పుడు తెలంగాణ హైకోర్టు ఆ ఘటనను తనంత తానుగా విచారణకు స్వీకరించింది. 2024 మే నెలలో తాండూరు పట్టణంలోనే ఐదు నెలల పసికందు కుక్క దాడికి బలైపోయాడు. ఆ కుటుంబాల దుఃఖానికి ఏ నష్టపరిహారమూ సాటిరాదు. దినకూలి మీద బతికే తల్లిదండ్రులు పని చేసుకునే చోట పిల్లలు నేల మీదనే నిద్రిస్తారు, నేల మీదనే ఆడుకుంటారు, తలుపు లేని గదులలోనే పెరుగుతారు. కనుక అదుపు లేని కుక్క వల్ల కలిగే అపాయం మేడలలో ఉండేవారి కంటె ముందు వీరికే ఎదురవుతుంది. గొలుసు నియమాన్ని ధనికుల ఇళ్లలోని ఖరీదైన కుక్కలకు సంబంధించిన ముచ్చటగా భావించడం ఈ కారణం చేతనే తప్పు.

కుక్క కాటు వల్ల సంక్రమించే రేబిస్ అపాయాన్ని కూడా ఇక్కడ స్పష్టంగా చెప్పుకోవలసి ఉన్నది. రేబిస్ అనేది నాడుల వెంబడి మెదడుకు చేరే వైరస్ వ్యాధి. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల వల్లనే సంభవిస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధి దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. లక్షణాలకు ముందే సరైన చికిత్స అందితే మాత్రం దీనిని దాదాపు పూర్తిగా నివారించవచ్చు. కరిచిన వెంటనే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాల పాటు కడగాలి. కారం, పసుపు, సున్నం, ఆకు పసరు వంటివి పూయరాదు. ఆ తరువాత ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, చర్మంలోకి ఇచ్చే పద్ధతి అయితే మొదటి రోజున, ఆపైన 3, 7, 28వ రోజులలో టీకాలు పూర్తిచేయించుకోవాలి. రక్తం వచ్చేలా గాయమైనప్పుడు టీకాతో పాటు, వైరస్‌ను గాయం వద్దనే అడ్డగించే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఔషధం కూడా అవసరమవుతుంది. ఒకప్పుడు కుక్క కరిచిన వారంతా హైదరాబాద్ నల్లకుంటలోని కోరంటి దవాఖానాకు (ఫీవర్ ఆసుపత్రికి), నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)కు పరుగెత్తవలసి వచ్చేది. ఈనాడు ప్రభుత్వ ఆసుపత్రులలో టీకా ఉచితంగా దొరుకుతున్నది. మొదటి రోజు వేయించుకొని గాయం మానిందని మిగిలినవి మానివేయడం ప్రాణాంతకమైన పొరపాటు. ఒక ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి టీకాలు వేస్తే వాటి మధ్య వ్యాధి వ్యాప్తి ఆగిపోతుందన్నది శాస్త్రజ్ఞుల నిర్ధారణ; 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలించాలని 2021 సెప్టెంబర్ 28న ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా దీని మీదనే ఆధారపడి ఉన్నది.

ఇతర దేశాల అనుభవం ఈ విషయంలో ఉపయోగకరమైన పాఠం నేర్పుతుంది. ఇంగ్లండ్‌లో 1992 నుంచి అమలులో ఉన్న ఉత్తర్వు ప్రకారం బహిరంగ ప్రదేశంలో ఉన్న కుక్క మెడపట్టా మీద యజమాని పేరు, చిరునామా ఉండితీరాలి. న్యూయార్క్ నగరంలో గొలుసు పొడవు ఆరు అడుగులకు మించరాదు. 1978 నుంచి కుక్క మలాన్ని దాని వెంట ఉన్నవారే ఎత్తివేయాలన్న చట్టం కూడా అక్కడ అమలవుతున్నది. అమెరికాలో, ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నియమాలను ఏ ఇబ్బందీ లేకుండా పాటిస్తున్నాయి కనుక, తెలుగువారికి ఇది అలవడదన్న వాదన నిలవదు. ఇక కొన్ని జాతుల కుక్కలను నిషేధిస్తే చాలన్న అభిప్రాయానికి వస్తే, పిట్‌బుల్, రాట్‌వీలర్ మొదలైన 23 జాతులను కట్టడి చేయాలంటూ 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ జారీచేసిన సర్క్యులర్‌ను, అదే ఏడాది ఏప్రిల్ 10న పొరుగు రాష్ట్రమైన కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది. అదుపు లేకపోతే నాటు కుక్క కూడా పసివాణ్ణి గాయపరచగలదు. శిక్షణ, గొలుసు ఉంటే పెద్ద జాతి కుక్క కూడా నిరపాయంగా నడవగలదు. కాబట్టి నియమం జాతిని కాక, కుక్క వెంట ఉన్న మనిషిని పట్టుకోవాలి.

ఈ ఆధారాలన్నిటినీ దృష్టిలో ఉంచుకొని ఈ రెండు పురపాలక సంఘాలకు తగిన నియమాన్ని ఊహిస్తే, దానికి మొదటి మెట్టు నమోదు. ఇంటి కుక్కతో పాటు మిల్లు, యూనిట్, దుకాణం, నిర్మాణ స్థలం వద్ద కాపలాకు ఉంచిన ప్రతి కుక్కనూ అక్కడి నిర్వాహకుని పేరున పురపాలక కార్యాలయంలో నమోదుచేయాలి. వ్యాపార లైసెన్స్ పునరుద్ధరణ వేళనే కుక్క టీకా పత్రాన్ని అడిగితే ఇందుకు ప్రత్యేక యంత్రాంగం కూడా అవసరం ఉండదు. రెండవ మెట్టు గుర్తింపు; నమోదు సంఖ్య, ఫోన్ నంబరు చెక్కిన చిన్న బిళ్ల మెడపట్టాకు ఉంటే తప్పిపోయిన కుక్క ఇల్లు చేరుతుంది, కరిచిన కుక్కకు టీకా పడిందో లేదో గంటలో తేలుతుంది. మూడవ మెట్టు గొలుసు; పొడవు ఆరు అడుగులకు మించకుండా, కుక్క బలానికి తగిన వయోజనుని చేతిలో ఉండాలి. పదేళ్ల పిల్లవాని చేతికి బలమైన కుక్కను అప్పగించడం గొలుసు లేకపోవడంతో సమానం.

మూతికి తొడిగే చిక్కం విషయంలో మాత్రం వివేచన కావాలి. మనిషి వలె ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే శక్తి కుక్కకు లేదు. ప్రధానంగా నోరు తెరిచి నాలుక చాచి వగర్చడం ద్వారా అది తన ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. కాబట్టి నోటిని బిగించి కట్టే పట్టీని ఎండలో తొడిగితే ప్రాణాపాయం కలుగుతుంది. కరిచే స్వభావం ఇదివరకే బయటపడిన కుక్కకు, లోపల నోరు తెరవడానికి వీలుండే బుట్ట వంటి చిక్కమే తగినది. తాండూరు వీధులు వేసవి మధ్యాహ్నం కుక్క పాదాలను కాల్చేంత వేడెక్కుతాయి కనుక, ఉదయం, సాయంత్రం వేళలలోనే కుక్కను నడిపించడం దయకూ, భద్రతకూ అనుకూలమైన పద్ధతి.

కొన్ని సందర్భాలకు ప్రత్యేక నిబంధనలు అవసరం. మందతో పాటు నడిచే కాపరి కుక్కకు పని వేళలో గొలుసు నుంచి మినహాయింపు ఇవ్వాలి, టీకా నుంచి మాత్రం ఇవ్వరాదు. నెమళ్లు, ఇతర వన్యప్రాణులు తిరిగే అనంతగిరి అడవిలో విహారయాత్రికుల కుక్కలు గొలుసు లేకుండా అడుగుపెట్టరాదు. అవి వన్యప్రాణులను తరుముతాయి, డిస్టెంపర్ అనే వైరస్ వ్యాధిని అడవిలోని మాంసాహార జంతువులకు అంటించగలవు. అనంతగిరి కార్తీక జాతర, తాండూరు భావిగి భద్రేశ్వర స్వామి జాతర వంటి రద్దీలోకి కుక్కను తీసుకువెళ్లకపోవడమే మేలు. రైలు ప్రయాణంలో సైతం పెంపుడు కుక్కను ప్రయాణికుల పెట్టెలో తమ వెంట ఉంచుకోవడానికి, ఫస్ట్ ఏసీలో కూపే లేదా క్యాబిన్ మొత్తాన్ని తీసుకున్నవారికే అనుమతి ఉన్నది. తక్కినవారి కుక్కలు బ్రేక్ వ్యాన్‌లోని పెట్టెలో ప్రయాణించాలి.

వీధి కుక్కల సంగతి దీనికి అనుబంధం. మాంసం దుకాణాల వ్యర్థాలు, ఫంక్షన్ హాళ్ల ఎంగిలి విస్తళ్లు వీధి మూలలో పడుతున్నంత కాలం కుక్కల గుంపులు అక్కడికే చేరుతాయి, తిండి కోసం పోట్లాడుకునే గుంపు దారిన పోయేవారి మీద తిరగబడుతుంది. శస్త్రచికిత్స, టీకా, చెత్త నిర్వహణ కలిసి సాగితే తప్ప వీటి సంఖ్య తగ్గదు. కాని వీధి కుక్కల సమస్య తీరే దాకా పెంపుడు కుక్కల నియమాన్ని వాయిదా వేయడం సరికాదు; ఇంటి నుంచి వదిలేసిన కుక్కలు, వాటి పిల్లలే రేపటి వీధి కుక్కలవుతాయి.

నియమాన్ని రాసేది పురపాలక సంఘమైనా, దానిని నిలబెట్టేది పౌరుడే. కుక్కను పెంచుతున్నవారు ఈ వారంలోనే దాని టీకా పత్రాన్ని వెదికి తేదీ చూసుకోవాలని, గడువు దాటివుంటే సమీపంలోని పశువైద్యశాలకు తీసుకువెళ్లాలని, గొలుసు లేకుండా దానిని గడప దాటనీయరాదని మనవి. కాపలా కోసం కుక్కను ఉంచుకున్న వ్యాపారులు అది తమదేనని ఒప్పుకొని తమ పేరున నమోదు చేయించాలి. వార్డు కమిటీల సభ్యులు తమ వార్డులో తిండి పెట్టే స్థలాన్ని నిర్ణయించి, టీకా శిబిరం కోసం పురపాలక కమిషనరుకు వినతిపత్రం ఇవ్వాలి. అన్నం పెట్టిన చేయి గొలుసు కూడా పట్టినప్పుడే వికారాబాద్, తాండూరు వీధులు పసిపిల్లలకూ, మూగజీవాలకూ సమానంగా సురక్షితమవుతాయి.